కీను రీవ్స్ యాసను ఓర్చుకుని డ్రాక్యులా చూడటం ఎలా

మొదటి జాగ్రత్త: ఈ సినిమాని అత్తమామల ముందు పెట్టకండి. నేను ఒకసారి పెట్టాను. పేరులోనే రచయిత పేరుంది కదా, వందేళ్లు దాటిన నవల కదా, ఏదో పెద్దమనిషి తరహాగా ఉంటుందిలే అనుకున్నాను. సినిమా సగానికి రాకముందే పరుపులోంచి ముగ్గురు రక్తపిశాచి ఆడవాళ్లు లేచారు. మా అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను దిండ్ల కింద రిమోట్ వెతుక్కున్నాను.

సినిమా పేరు 'బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా'. 1992 నవంబరులో వచ్చింది. తీసింది ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా. డ్రాక్యులాగా గ్యారీ ఓల్డ్‌మన్, మీనాగా వినోనా రైడర్, పిశాచాల పని పట్టే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్‌గా ఆంథోనీ హాప్కిన్స్, పాపం జోనాథన్ హార్కర్‌గా కీను రీవ్స్. దీనికి 3 ఆస్కార్లు వచ్చాయి. అలాగని గొప్ప సినిమా అనుకుంటే దెబ్బ తింటారు. ఎక్కడ పట్టుకున్నా ఓ చిల్లు ఉంటుంది. "మంచి సినిమాయేనా?" అని ఎవరైనా అడిగితే "దేంట్లో?" అని ఎదురడుగుతాను. ఈ సినిమాకి ఆ ప్రశ్నే సరిపోతుంది, అవార్డులకి కూడా.

నేను పుట్టింది తెనాలిలో. నాన్న పౌరాణిక నాటకాలకు డ్రెస్సులు, కిరీటాలు, గడ్డాలు, మీసాలు అద్దెకిచ్చేవాడు. పిలిస్తే వెళ్లి మేకప్ కూడా వేసేవాడు. మా ఇంట్లో మంచాల కింద ట్రంకుపెట్టెలు, పెట్టెల్లో దుర్యోధనుడి కిరీటాలు. బడి నుంచి వచ్చాక ఊడిన చమ్కీలు కుట్టడం, పూసలు అతికించడం నా పని. అందుకే ఏ సినిమా చూసినా నా కంటికి ముందు కుట్టు ఆనుతుంది, కథ తర్వాత. ఇప్పుడు విజయవాడలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. శనివారం రాత్రి షట్టర్ దించాక మా అక్క కొడుకు వస్తాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. వాడితో కలిసి ఈ సినిమా నాలుగుసార్లు చూశాను. ఎలా చూస్తే డబ్బులు గిట్టుబాటవుతాయో తేలింది. అదే చెబుతున్నా.

చూసే ముందు

ఇంట్లో లైట్లన్నీ ఆపేయండి. భయం కోసం చెప్పడం లేదు. ఈ సినిమాలో సగం చీకటి, మిగతా సగం ఎరుపు. ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఆ చీకట్లో ఉన్న జరీ, అల్లిక ఏదీ కనబడదు, టీవీలో మీ మొహమే మీకు కనబడుతుంది. టీవీ సెట్టింగుల్లో కదలికల్ని నున్నగా చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది. దాన్ని ఆపండి. అది నడుస్తుంటే ఎంత పెద్ద సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా ఉంటుంది. రంగుల్ని రెచ్చగొట్టే 'వివిడ్' మోడ్ కూడా తీసేయండి. లేకపోతే ఎరుపంతా ఒకటే ముద్దయిపోతుంది. ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో చూడటానికే కదా కూర్చుంటున్నాం.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో నామోషీ ఏం లేదు. వేల్స్‌లో పుట్టిన హాప్కిన్స్ డచ్చివాడిలా మాట్లాడతాడు. ఇంగ్లండువాడు ఓల్డ్‌మన్ ట్రాన్సిల్వేనియా దొరలా మాట్లాడతాడు. అమెరికా అమ్మాయి వినోనా ఇంగ్లండు టీచరమ్మలా మాట్లాడుతుంది. ఈ ముగ్గురిలో ఒక్కరూ సొంత యాసలో లేరు.

భోజనం ముందే కానిచ్చేయండి. నిడివి 2 గంటల 8 నిమిషాలు. మధ్యలో నంజుకోవడానికి మేం ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపిన మరమరాలు పెట్టుకుంటాం. మాంసం మాత్రం వద్దు. ఒకచోట మీనా స్నేహితురాలు లూసీ తల తెగిన మరుక్షణం, తెర మీద వాన్ హెల్సింగ్ ఎర్రగా కాలిన మాంసం ముక్క కోసుకుంటూ కనిపిస్తాడు. కొపోలా కావాలనే అతికించిన అతుకు అది. మా వాడు మొదటిసారి చికెన్ పకోడీ తెచ్చుకున్నాడు. ఆ పొట్లం తెల్లారి నేనే పారేశాను.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి: కథ, నటన, బట్టలు, మేకప్, సెట్లు, కెమెరా, ట్రిక్కులు, శబ్దాలు, సంగీతం. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో మీరే వేయాలి. ఏయే విభాగాల్లో ఆస్కార్ వచ్చిందో ముందే ఫోన్లో చూసుకోకూడదు. చూస్తే ఇక మీ మార్కులు మీవి కావు.

నవల ముందే చదవాలా? అక్కర్లేదు. కానీ నాలుగు ముక్కలు తెలిసుంటే మేలు. 1897లో వచ్చింది. మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాముల రూపంలో ఉంటుంది. రాసిన స్టోకర్ లండన్‌లో లైసియం అనే నాటకశాలకు మేనేజరు. హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుడి దగ్గర లెక్కలు, టికెట్లు, ఏర్పాట్లు చూసుకునే మనిషి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు స్టోకర్ మీద అభిమానం పుట్టుకొచ్చింది. తెర వెనక నిలబడేవాళ్లలో ఒకడు.

మొదటిసారి: తిట్టుకుంటూ

ఆపకుండా చివరిదాకా చూడండి. చిల్లులన్నీ ఈసారే లెక్కపెట్టేసుకుంటే మళ్లీ వాటి గోల ఉండదు.

కీను రీవ్స్‌తో మొదలుపెట్టండి. అందరూ అక్కడే మొదలుపెడతారు. టొరంటోలో పెరిగిన కుర్రాడు, లండన్ లాయరు వేషం. ఒక్కో మాటనీ కరిచే కొత్త చెప్పుల్లో నడిచినట్టు పలుకుతాడు. ఎదురుగా ఓల్డ్‌మన్ గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగుతుంటే, ఈయన బస్టాండులో అనౌన్స్‌మెంటు చదువుతున్నట్టుంటాడు. మనవాళ్లయితే డబ్బింగ్ చెప్పించేసేవాళ్లు, గొడవ వదిలిపోయేది. మన నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు వేరే బహుమతి కూడా ఉండేది. ఆస్కార్లో అలాంటిది లేదు. ఒకరి నోటికి ఇంకొకరి గొంతు అతకడం ఎంత పనో వాళ్లకు పట్టలేదు.

అయితే పాపం అతణ్ని అక్కడితో వదిలేయండి. నాలుగోసారి చూసినప్పుడు నాకు అతని మీద జాలేసింది. అంతమంది అరుస్తూ, ఊగిపోతూ ఉన్న సినిమాలో మామూలు మనిషిలా నిలబడాల్సిన పాత్ర అది. ఎవరు వేసినా తేలిపోయేది.

రెండో చిల్లు కథలో ఉంది, అది చాలా పెద్దది. పేరులో 'స్టోకర్ రాసిన డ్రాక్యులా' అని దండోరా వేశారు. కానీ స్టోకర్ నవల్లో డ్రాక్యులాకీ మీనాకీ ప్రేమ లేదు. 1462లో యుద్ధానికెళ్లిన దొర, భర్త చచ్చిపోయాడన్న అబద్ధపు కబురు విని నదిలో దూకిన భార్య, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆమే మీనాగా పుట్టడం, ఇదంతా స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ హార్ట్ కల్పన. జన్మజన్మల బంధాలు మనకు చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి మనకు పెద్ద ఇబ్బంది ఉండదు. మా వాడైతే "ఇది మన సినిమానే పిన్నీ, పాటలు తక్కువయ్యాయి" అన్నాడు. నా బాధ వేరు. నవల్లో మీనా టైపు నేర్చుకున్న పిల్ల. అందరి డైరీలనూ, ఉత్తరాలనూ వరసగా టైపు కొట్టి ఒకచోట చేర్చి, దొర ఏ దారిన పారిపోతున్నాడో లెక్క తేల్చేది ఆమే. సినిమాలో ఆ టైపుమిషను కాసేపు కనబడుతుంది, ఆ తర్వాత ఆమెకు కన్నీళ్లే పని. పనిచేసే ఆడదాన్ని తెచ్చి ప్రేయసిని చేసేశారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హాప్కిన్స్ అదే ఏడాది మార్చిలో ఉత్తమ నటుడిగా ఆస్కార్ తీసుకున్నాడు. ఇక్కడ పగ్గాలు వదిలేశాడు. చివరి అరగంట బండి తరిమినట్టు పోతుంది. లూసీని పెళ్లాడతామని ముగ్గురు మగవాళ్లు వస్తారు, ముగ్గురిలో ఎవరు ఎవరో నాకు రెండోసారికి గానీ గుర్తు నిలవలేదు. నవల్లో ఉన్నవాళ్లందరినీ పోనివ్వకుండా ఉంచారని మెచ్చుకోవచ్చు. గది ఇరుకైందన్నది కూడా నిజమే.

ఇప్పుడు మీ కాగితం మీద 'కథ' దగ్గర మార్కులు వేసి, ఆ గడి మడిచేయండి.

రెండోసారి: మాటలు తీసేసి

టీవీ మ్యూట్ చేయండి. కథ ఎలాగూ తెలిసిపోయింది. కీనుగారి బెడద కూడా తప్పుతుంది.

మాట పోగానే బట్టలు మాట్లాడటం మొదలవుతుంది. కొపోలా దాదాపు మొత్తం సినిమాని స్టూడియో ఫ్లోర్లలోనే తీశాడు. సెట్ల మీద పెట్టే డబ్బు బట్టల మీద పెడదాం, బట్టలే మన సెట్టు అని తీర్మానించుకున్నాడు. అందుకు పిలిపించిన మనిషి ఎయికో ఇషియోకా. టోక్యో ఆవిడ, వ్యాపార ప్రకటనలకు, పోస్టర్లకు ఆర్ట్ డైరెక్షన్ చేస్తూ పేరు తెచ్చుకుంది. విక్టోరియా కాలపు గౌన్లు కుట్టి చేయి తిరిగిన వాళ్లను కాదని ఈవిడను పిలవడంలోనే ఉంది కిటుకంతా.

మూడు చోట్ల ఆపి చూడండి.

ఒకటి, కోటలోకి హార్కర్ వచ్చినప్పుడు ముసలి డ్రాక్యులా వేసుకున్న ఎర్రటి అంగీ. దాని వెనక తోక ఎంత పొడుగంటే, ఆయన నడిచి వెళ్లిపోయాక కూడా బట్ట ఇంకా గదిలోనే ఉంటుంది. నేల మీద నెత్తురు మెల్లగా పారుతున్నట్టుంటుంది. తల మీద రెండు తెల్లటి కొప్పులు. పిశాచి అంటే నల్లకోటు, ఎత్తు కాలరు అని అప్పటిదాకా సినిమాలు అలవాటు చేసిన వేషం మొత్తం తీసి అవతల పడేసింది ఆవిడ. నాన్న ఒక మాట అనేవాడు: చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా, వచ్చినవాడెవడో పద్యం ఎత్తుకోకముందే తెలియాలి. ఆ లెక్కన ఆ అంగీకి పదికి పదకొండు.

రెండు, లూసీ పెళ్లి గౌను. అదే ఆమె శవానికీ తొడుగుతారు. మెడ చుట్టూ తెల్లటి పెద్ద చట్రం విచ్చుకుని ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఒక రకం తొండ ఉంటుంది, బెదిరించాలంటే మెడ చుట్టూ తోలు గొడుగులా విప్పుతుంది. ఎయికో దాన్ని చూసి ఈ మెడపట్టీ గీసింది. సమాధిలో పసిపిల్లను ఎత్తుకుని లూసీ వచ్చే దృశ్యం దగ్గర బొమ్మ ఆపి, ఆ పట్టీ అంచు చూడండి. లేసు మెత్తటిది, దానంతట అది నిలబడదు. నేనైతే లోపల బక్రం వేసి, అంచులో సన్న తీగ తిప్పి కుడతాను. అయినా అలా పురివిప్పినట్టు నిలబెట్టగలనని నమ్మకం లేదు. పెళ్లికూతురు, శవం, పాకే జంతువు, మూడూ ఒకే గౌనులో ఉన్నాయి. ఆ పిల్ల నోరు విప్పక్కర్లేదు.

మూడు, చివర్లో డ్రాక్యులా ఒంటి మీదున్న బంగారు అంగీ. గుస్తావ్ క్లిమ్ట్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు ముద్దు పెట్టుకుంటున్న జంటను బంగారు రేకులతో వేసిన బొమ్మ ఒకటి ప్రసిద్ధం. క్యాలెండర్ల మీద మీరూ చూసే ఉంటారు. ఆ బొమ్మలో మగవాడి అంగీయే దీనికి మూలం. చావుబతుకుల్లో ఉన్నవాడికి ప్రేమ బొమ్మలోంచి బట్ట తెచ్చి కప్పింది.

వీటి మధ్యలో మీనాను గమనిస్తూ ఉండండి. మొదట్లో మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఆకుపచ్చ బట్టల్లో ఉంటుంది. డ్రాక్యులాతో కలిసి నాట్యం చేసేసరికి ఎర్రగౌనులో ఉంటుంది. ఎరుపు ఆయన రంగు. ఆమె అటువైపు వెళ్లిపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పిచ్చాసుపత్రిలో కాపలావాళ్లు తలలకు తొడుక్కున్న పంజరాలు కూడా వదలకండి. లోపలున్నది రోగులా, కాపలావాళ్లా అని నవ్వొస్తుంది.

మేకప్ సంగతికొస్తే, ఓల్డ్‌మన్ ముసలి దొరగా, పడుచు రాజకుమారుడిగా, తోడేలుగా, గబ్బిలంగా, ఎలుకల గుట్టగా కనిపిస్తాడు (ఎలుకలు మాత్రం నిజం ఎలుకలే). గ్రెగ్ కానమ్, మిషెల్ బర్క్, మాథ్యూ మంగిల్ చేశారు. దగ్గర షాట్లలో చెంప దగ్గర అతుకు ఎక్కడుందో వెతకండి. నేను వెతికాను, దొరకలేదు. స్పిరిట్ గమ్ముతో అతికించిన ధర్మరాజు గడ్డం పద్యం మధ్యలో ఓ పక్క వేలాడుతుంటే, ఆ నటుడు రాగం తీస్తూనే చేత్తో నొక్కి పట్టుకోవడం చూస్తూ పెరిగినదాన్ని. అతుకులు వెతకడం నాకు జబ్బు.

ట్రిక్కుల కోసం వెనక్కీ ముందుకీ

ఇది విడిగా చేయాల్సిన పని. రిమోట్ చేతిలో పెట్టుకోండి.

స్టోకర్ నవల వచ్చిన కాలమూ సినిమా పుట్టిన కాలమూ ఒకటే. అందుకని కొపోలాకు ఒక ఆలోచన వచ్చింది: ఆ తొలిరోజుల గారడీలే వాడాలి, కంప్యూటర్ వద్దు. ఈ రోజుల్లో అలా కుదరదని ట్రిక్కుల బృందం అంటే, వాళ్లను పంపించేసి 26 ఏళ్ల కొడుకు రోమన్ కొపోలాకు పని అప్పజెప్పాడు. కొడుక్కి ఇవ్వడమేంటని మనకు అనిపించడం సహజం. కానీ ఆ పిల్లాడు నిలబెట్టాడు. రెండుసార్లు ఒకే ఫిల్ము మీద తీయడం, వెనక తెర మీద బొమ్మ వేసి ముందు నటుణ్ని నిలబెట్టడం, వెనక్కి తిప్పడం, చిన్న నమూనాలు, ఇవే పనిముట్లు. విఠలాచార్య సినిమాలు చూసిన కళ్లకు ఇదంతా చుట్టాల ఇంటికి వెళ్లినట్టుంటుంది.

మొదటి యుద్ధం చూడండి. ఎర్రటి ఆకాశం ముందు నల్లటి నీడల్లా సైనికులు, ఈటెలకు గుచ్చిన శవాలు. తోలుబొమ్మలాట తెర ముందు కూర్చున్నట్టే ఉంటుంది. కాకపోతే మన బొమ్మలకు రంగులుంటాయి, వీళ్లవి ఉత్త నీడలు. తర్వాత, హార్కర్ రైల్లో డైరీ రాస్తుంటే తెర కింది భాగంలో డైరీ పేజీ, దాని పైఅంచు మీదుగా రైలు పోతుంటుంది. పెద్ద పుస్తకం చేసి, దాని వెనక బొమ్మరైలు నడిపారు. కోటలో డ్రాక్యులా ఒకవైపు తిరిగి మాట్లాడుతుంటే గోడ మీద ఆయన నీడ చేతులు చాచి హార్కర్ మెడ మీదికి వెళుతుంది. ఆ నీడ వేరే మనిషిది. దూలం మీద ఎలుకలు తలకిందులుగా నడుస్తాయి, అత్తరు చుక్కలు పైకి కారతాయి. ఇవి రెండూ రెప్పపాటులో పోతాయి కాబట్టి నెమ్మదిగా తిప్పండి.

లూసీ శవపేటికలోకి వెనక్కి పాకి పడుకునే షాటు మాత్రం ఇంట్లో మీరే చేసి చూడండి. ఆమెను పేటికలోంచి బయటికి రప్పించి, ఆ ఫిల్మును తిరగేసి చూపించారు. మా వాడు ఫోన్ పట్టుకున్నాడు, నేను తెల్ల దుప్పటి కప్పుకుని మంచం మీద నుంచి లేచి, మెట్టు దిగి, తలుపు దాకా నడిచాను. వీడియోను రివర్స్‌లో పెట్టాడు. తలుపు దగ్గర నుంచి వెనక్కి వస్తూ, దుప్పటి తనంతట తానే నేల మీద నుంచి లేచి నా కాళ్లకు చుట్టుకుంటుంటే నిజంగానే ఒళ్లు జలదరించింది.

"ఎలా ఉందిరా?"

"దుప్పటి భయపెట్టింది పిన్నీ. నువ్వు మాత్రం గ్యాస్ కట్టేశావో లేదో చూసుకోడానికి వెళ్తున్నట్టున్నావు."

అప్పుడర్థమైంది. లూసీ వేషం వేసిన సేడీ ఫ్రాస్ట్ లేచేటప్పుడే, అది తిరగేస్తే ఎలా కనబడుతుందో ఊహించుకుని ఒళ్లు కదిలించింది. అది నటన. దానికి ఏ గడిలో మార్కులు వేయాలి? మేం 'ట్రిక్కులు' గడి పక్కన ఇంకో గడి గీశాం.

మూడోసారి: కళ్లు మూసుకుని

పూర్తిగా అక్కర్లేదు, కోటలో జరిగే మొదటి భాగం చాలు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. తోడేళ్ల అరుపులు, గుసగుసలు, బట్ట నేల మీద రాసుకుంటున్న చప్పుడు. పిచ్చాసుపత్రిలో ఉన్న రెన్‌ఫీల్డ్ పురుగులు తినే చోట మరమరాలు నమలడం ఆపండి. సంగీతం పోలండ్ సంగీతకారుడు వొయ్‌చెక్ కిలార్‌ది. అడుగు స్థాయి వాద్యాలు పాకుతూ వచ్చే ఆ బాణీ విన్నాక వారం రోజులు కుట్టుమిషను తొక్కుతూ అదే కూనిరాగం తీశాను. నా మార్కు తొమ్మిది.

ఇప్పుడు కాగితం తీయండి

సినిమా ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి.

1993 మార్చి 29న 65వ ఆస్కార్ వేడుక. ఈ సినిమాకి 4 నామినేషన్లు, 3 బహుమతులు. బట్టలకు ఎయికో ఇషియోకాకు. మేకప్‌కు ఆ ముగ్గురికి. సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కు టామ్ మెకార్తీ, డేవిడ్ స్టోన్‌లకు. నాలుగోది ఆర్ట్ డైరెక్షన్, అది 'హోవర్డ్స్ ఎండ్'కు పోయింది. ఉత్తమ చిత్రం క్లింట్ ఈస్ట్‌వుడ్ 'అన్‌ఫర్‌గివెన్'. కథకు, దర్శకుడికి, నటులకు ఈ సినిమా తరఫున పిలుపే లేదు.

మీ మార్కులతో పోల్చుకోండి. మా ఇద్దరి కాగితాల్లోనూ బట్టలు, మేకప్ పైన ఉన్నాయి, కథ అడుగున ఉంది. అంటే లోకం అవార్డుల్ని ఎంత తిట్టినా, ఈ ఒక్క సినిమా విషయంలో అకాడమీవాళ్లు చిల్లులున్న బట్టలో ఎక్కడ జరీ ఉందో అక్కడే చెయ్యి పెట్టారు. ఆస్కార్లో ఎక్కువ విభాగాలకు ముందు ఆయా పనివాళ్లే పేర్లు ఎంచుతారు, చివరి ఓటు అందరిదీ. అందుకే నాకు బహుమతి కన్నా నామినేషన్ మీద గురి ఎక్కువ. కుట్టేవాడికి కుట్టు తెలుస్తుంది.

అయినా రెండు చోట్ల నాకు మండింది. ఓల్డ్‌మన్‌ను ఉత్తమ నటుల ఐదుగురిలో చేర్చలేదు. ఆ ఏడాది అల్ పచీనో గెలిచాడు. అంతకన్నా అన్యాయం ట్రిక్కులది. విజువల్ ఎఫెక్ట్స్‌లో పోటీకి నిలిపిన మూడు సినిమాల్లో ఇది లేదు. 'డెత్ బికమ్స్ హర్' గెలిచింది, కంప్యూటర్ సాయంతో మెడ మెలితిప్పే ట్రిక్కులున్న సినిమా. కంప్యూటర్ వద్దు మొర్రో అని చేత్తో చేసినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మా కాగితంలో ట్రిక్కులకు ఇద్దరం పది వేశాం.

ఇంకో సంగతి. ఈ సినిమాకి వచ్చిన సౌండ్ ఎఫెక్ట్స్ గడి ఇప్పుడు విడిగా లేదు. 2021 వేడుక నుంచి శబ్ద విభాగాలు రెండూ కలిపి ఒకటి చేశారు. గడి ఉంటేనే ఆ పని చేసినవాడి పేరు జనం నోట వినబడుతుంది. మన 'నాటు నాటు' చూడండి. 2023లో ఆస్కార్ వచ్చిన రోజు మా షాపులో స్వీట్లు పంచాను. అది ఉత్తమ పాటకు వచ్చింది, కాబట్టి బొమ్మ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. లోకమంతా ఎగిరింది మాత్రం ప్రేమ్ రక్షిత్ వేయించిన అడుగులకు. నృత్యాలకు ఆస్కార్లో ఇప్పుడు గడి లేదు, 1930ల్లో మూడేళ్లు ఇచ్చి మానేశారు. మన నందుల్లో నృత్య దర్శకులకు ఇచ్చేవాళ్లు.

బట్టల గడి మాత్రం మనకు చుట్టం. మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది నటుడూ కాదు, దర్శకుడూ కాదు. కొల్హాపూర్ ఆవిడ, భాను అథైయా, 'గాంధీ' సినిమా బట్టలకు, 1983లో, జాన్ మోలోతో కలిసి. 2012లో ఆవిడ ఆ బొమ్మను, తన తర్వాత భద్రంగా ఉంటుందో లేదోనని, అకాడమీకే తిరిగి ఇచ్చేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు.

ఒక ఊళ్లో నాటక పరిషత్తు పోటీలు. ఊరి పేరు ఎందుకులెండి. నాన్న డ్రెస్సులు, మేకప్ చేసిన నాటకానికి 'ఉత్తమ ఆహార్యం' అని బహుమతి ప్రకటించారు. అప్పటికి తెల్లవారుజాము నాలుగైంది. నాన్న తెర వెనక ట్రంకుపెట్టె ముందు కూర్చుని సామాను లెక్కపెడుతున్నాడు. భుజకీర్తులు ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి. నేను టార్చి పట్టుకుని బల్లల కింద వెతుకుతున్నాను. మైకులో పిలిచింది నాటక సమాజం పేరు, స్టేజీ ఎక్కింది సమాజం సెక్రటరీ. షీల్డు వాళ్ల ఆఫీసుకు వెళ్లింది. ఎనిమిదో భుజకీర్తి దొరకలేదు. అద్దె లెక్క చూసుకున్నప్పుడు అది నాన్న ఖాతాలోనే పడింది. బస్సులో నాన్న ఆ బహుమతి ఊసే ఎత్తలేదు. "అర్జునుడి కిరీటం కింద పట్టీ వదులైంది, రేపు బిగించాలి" అన్నాడు.

అందుకే మా కాగితంలో ప్రతి గడి పక్కనా చేసినవాళ్ల పేరు కూడా రాయాలన్నది నియమం. పేర్లు రాసే దాకా టీవీ కట్టకూడదు, చివర్లో అక్షరాలు పైకి పోతుంటే ఆపి ఆపి చూడాల్సిందే. మా వాడు మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు ఎయికో పేరు నాకన్నా ముందే రాసేస్తున్నాడు.

వచ్చే శనివారం 'నోస్ఫెరాటు' పెట్టుకున్నాం, 1922 నాటి జర్మన్ సినిమా. స్టోకర్ కథనే అడక్కుండా పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెళ్లి గెలిచింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది, అయినా కొన్ని మిగిలిపోయాయి. ఎండ తగిలితే పిశాచి చస్తుందన్న ముచ్చట ఆ సినిమాతోనే మొదలైంది. స్టోకర్ డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. కొత్త కాగితం మీద గళ్లు గీసేశాను. మూకీ సినిమా కాబట్టి యాస గొడవ లేదు. 'శబ్దాలు' గడి కొట్టేయబోతుంటే మా వాడు ఆపాడు. కిటికీ బయట కుక్కలు అరుస్తాయి కదా పిన్నీ, వాటికి వేద్దాం అన్నాడు.